నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా? పిల్లలకు ప్రకృతి కథలు చెప్పడం గురించి నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నారు. శనివారం సాయంత్రాలు మీ అపార్ట్‌మెంట్‌లోని తెలుగు పిల్లలు పన్నెండు మందిని, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళను, కూర్చోబెట్టుకుని కథలు చెబుతున్నారు. ఈ మధ్య పర్యావరణం గురించి రెండు పుస్తకాలు చదివి వినిపిస్తే ఆవలించారు. మీరు అడగకముందే "చెట్లు నరకకూడదు, ప్లాస్టిక్ వాడకూడదు" అని అప్పజెప్పేసి ఆటకు పరిగెత్తారు. ఏ పుస్తకాలు కొనాలి, ఎలా చెప్పాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడప్పుడే పుస్తకాలేమీ కొనకండి. ఏడు చేపల కథతో మొదలుపెట్టండి. కథ అయ్యాక నీతి చెప్పకండి, వాళ్ళనూ అడగకండి. కిందికి దిగి, నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న ఒక్క ప్రాణిని చూపించండి. భూమి అంతమైపోతోంది, పులులు అయిపోతున్నాయి అనే మాటలు ఈ వయసులో అసలే వద్దు. మిగతాదంతా ఎందుకు అలా అంటున్నానో చెప్పడమే.

నా గురించి రెండు ముక్కలు. మాది నెల్లూరు. పెళ్ళయి చెన్నై వచ్చాను. 24 ఏళ్ళు ప్రైమరీ స్కూల్లో చెప్పాను, అందులో సగానికి పైగా లైబ్రరీ పీరియడ్ నాదే. నిరుడు రిటైరయ్యాను. ఇప్పుడు మీలాగే అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని చెబుతున్నాను.

ఏడు చేపల కథే ఎందుకు?

ఈ కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు కాబట్టి క్లుప్తంగా గుర్తు చేస్తాను. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డొచ్చిందంటే ఆవు మేయలేదు. ఆవును గొల్లవాడు మేపలేదు, గొల్లవాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వకు పిల్లాడి ఏడుపుతో తీరలేదు, పిల్లాణ్ణి చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావంటే, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది.

చిన్నప్పుడు ఇది అన్నం తినిపించే కథ. టీచరయ్యాక ఒకరోజు క్లాసులో చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఎండని చేపకూ చీమకూ మధ్య ఆరేడు మెట్లున్నాయి. ఆ రెంటికీ నేరుగా సంబంధం లేదు. అయినా ఒకడు పుట్టలో వేలు పెడితే రాజుగారింట్లో చేప ఎండకుండా పోయింది. ఎకాలజీ అంటూ మనం పెద్ద క్లాసుల్లో బొమ్మలు గీసి చెప్పేది ఇదే కదా! పైగా ఈ కథలో చీమ క్షమాపణ చెప్పదు, బతిమాలదు. నా ఇల్లు, నువ్వు వేలు పెట్టావు, కుట్టాను, అంతే. మన పర్యావరణ పుస్తకాల్లో జంతువులన్నీ కళ్ళనీళ్ళు పెట్టుకుని "మమ్మల్ని కాపాడండి" అంటుంటాయి. పిల్లలకు ఆ ఏడుపు మొహాలు నచ్చవు. చీమ నచ్చుతుంది.

ఇంకో లాభం ఉంది. ఇందులో పిల్లల పని వినడం కాదు, అడగడం. "ఎందుకు, ఎందుకు" అని మనల్ని పీక్కుతినే వయసు అది. ఆ అలవాటునే కథ నడుపుతుంది.

మధ్యలో ఒక చిన్న సవరణ. మనం పుట్ట అంటే చీమల పుట్ట అనుకుంటాం. "చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవైనట్లు" అని సుమతీ శతకం కూడా అంది. నిజానికి రోడ్డు పక్కన మనకు కనిపించే ఎత్తయిన మట్టి పుట్టలు చాలావరకు చెదలు కట్టినవి. చీమలు కట్టుకునేవి వేరు, మట్టి పొడి కుప్పలా చిన్న నోటితో నేలకు అంటుకుని ఉంటాయి. శతకకారుడి మాట కొట్టేయమని కాదు. పిల్లలతో కిందికి దిగినప్పుడు ఏది ఎవరిదో చూసి చెప్పండి. వాళ్ళే నాలుగు రోజుల్లో మిమ్మల్ని దిద్దడం మొదలుపెడతారు.

తురాయి చెట్టు చెప్పిన జవాబు

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఒక పిల్లాడు నేర్పించాడు.

2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై మీద పడింది. అప్పుడు ఇక్కడున్న వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఊళ్ళో వేల చెట్లు కూలాయి. నాలుగైదు రోజులకు స్కూలు తెరిస్తే మా ఆవరణలో ప్రార్థన చేసే చోట ఉండే తురాయి చెట్టు లేదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే నీడ అది. కొమ్మలు కోసేసి తీసుకెళ్ళారు, మొద్దు మాత్రం వేళ్ళతో సహా పక్కకు వాలి ఉంది. రెండో తరగతి వాళ్ళు దాని చుట్టూ నిలబడి మాట్లాడకుండా చూస్తున్నారు. ఆ రోజు నా లిస్టులో "చెట్లు మన నేస్తాలు" అనే పాఠం ఉంది. ఆ మొద్దు ముందు నిలబడి ఆ పాఠం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మొద్దు చుట్టూ కూర్చున్నాం. ఏం చేయాలో తోచక ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. అయ్యాక ఎవరో అన్నారు, "మిస్, చెట్టుని కూడా అడుగుదాం." సరే అన్నాను. అందరూ కలిసి "చెట్టూ చెట్టూ ఎందుకు పడ్డావు?" అని అరిచారు. "గాలి తోసింది." "గాలీ గాలీ ఎందుకు తోశావు?" "నేను అన్ని చెట్లనీ తోశాను, వేప చెట్టు పడలేదుగా." నిజమే, గోడ పక్క వేప అలాగే ఉంది. మళ్ళీ చెట్టు దగ్గరికే వచ్చారు. "మరి నువ్వెందుకు పడ్డావు?" కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే ఒక పిల్లాడు లేచి మొద్దు దగ్గరికి వెళ్ళి, వేళ్ళకు అంటుకుని లేచొచ్చిన సిమెంటు పెచ్చు చూపించి, చీమ గొంతుతో అన్నాడు: "నా కాళ్ళ మీద సిమెంటు పోస్తే పడనా?"

అంతకు రెండేళ్ళ ముందే ప్రార్థన స్థలం బురదవుతోందని మొదలు దాకా సిమెంటు చేయించారు. అప్పుడు టీచర్లందరం సంతోషించాం, నాతో సహా. చెట్టుకు చుట్టూ నేల వదలాలనీ, వేళ్ళకు గాలి, నీరు కావాలనీ ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. పెచ్చు కళ్ళెదుట ఉంది, కథ అడిగే తీరు చేతిలో ఉంది. మిగతాది వాడే కలుపుకున్నాడు.

ఒక్క మాట చెప్పాలి, లేకపోతే నిజం సగమే చెప్పినట్లవుతుంది. తురాయి మన నేల చెట్టు కాదు, మడగాస్కర్ నుంచి వచ్చింది. కలప మెత్తన, తుపాను గాలికి తట్టుకోదు. ఆ తుపానులో ఇలాంటి చెట్లు ఎక్కువగా పోయాయి. కాబట్టి తప్పంతా సిమెంటుది కాదు. తరవాతి వారం ఆ సంగతి కూడా చెప్పాను. "అయితే రెండు చీమలున్నాయన్నమాట" అన్నాడొకడు. ఒక సంగతికి రెండు కారణాలు ఉండొచ్చని అంత తేలిగ్గా ఎవరైనా చెప్పడం నేను వినలేదు.

కుళాయి కథ

మన పిల్లలకు ఈ ఊళ్ళో బాగా దగ్గరయ్యేది నీళ్ళ కథ, ఎందుకంటే అందులో మన తెలుగు నేల ఉంది. 2019 వేసవి గుర్తుందా? ఊరికి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయాయి. ట్యాంకర్ల కోసం క్యూలు. జులైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. స్కూల్లో చేతులు కడుక్కోవడానికి కూడా కొలత పెట్టాం.

అప్పుడు మూడో తరగతిలో తెలుగు పిల్లలు ఏడెనిమిది మంది ఉండేవాళ్ళు. కుళాయి తిప్పి "కుళాయీ కుళాయీ, ఎందుకు రాలేదు?" అని మొదలెట్టాం. పూండి నిండలేదు. పూండీ ఎందుకు నిండలేదు? వాన పడలేదు, కండలేరు పంపలేదు. ఇక్కడ పటం పరిచాను. కృష్ణ నీళ్ళు శ్రీశైలం నుంచి సోమశిలకు, సోమశిల నుంచి కండలేరుకు, అక్కణ్ణుంచి కాలువలో పూండికి వస్తాయనీ, ఆ ఏర్పాటుకు తెలుగుగంగ అని పేరనీ, 1996లో మొదటిసారి ఆ నీళ్ళు ఇక్కడికి చేరాయనీ చెప్పాను. ఒకమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, "మా తాతయ్య వాళ్ళ ఊరు సోమశిల పక్కనే. అయితే తాతయ్య స్నానం చేసిన నీళ్ళే మనకొస్తాయా?" అంది. క్లాసు క్లాసంతా విరగబడి నవ్వింది. పటంలో గీత మీద వేలు పెట్టి నదిని చూపించడం వేరు, తాతయ్య స్నానంతో తెలుసుకోవడం వేరు.

గొలుసు వాన దాకా వెళ్ళింది. "వానా వానా ఎందుకు కురవలేదు?" అంటే ఒకడు "మబ్బు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది" అన్నాడు. మరి ఇందులో చీమ ఎవరని అడిగారు. నేను చెప్పలేదు. తెలియక కాదు, చెప్పడానికి చాలా ఉంది గనక. పూడ్చేసిన చెరువులున్నాయి, పట్టుకోకుండా సముద్రంలోకి వదిలేసిన వాననీళ్ళున్నాయి, అడుగు దాకా తోడేసిన బోర్లున్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లల నెత్తిన అదంతా ఒకేసారి పెట్టకూడదు. చీమను వెతుకుతూ ఇంటికి వెళ్ళనివ్వండి. వారం రోజులు ఇంట్లో అడుగుతూనే ఉంటారు.

పుస్తకాల సంగతి

కొనొద్దన్నాను గానీ పుస్తకాలే వద్దనలేదు. నెల రోజుల తరవాత తేవచ్చు. చందమామ 1947 జులైలో పుట్టింది ఈ ఊళ్ళోనే. అదే ఊళ్ళో ఇప్పుడు తెలుగు పిల్లల పుస్తకం కోసం నాలుగు షాపులు తిరగాల్సి రావడం చూస్తే బాధేస్తుంది, కానీ దాని గురించి మొదలుపెడితే ఈ సమాధానం ఇవాళ అవదు. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అని ఒక వేదిక మొదలుపెట్టారు. అందులో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, ముద్రించుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి. మన పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం అంతంతమాత్రం కాబట్టి, వయసు చూసుకోకుండా ఒక స్థాయి కిందివి తీసుకోండి.

ఎంచేటప్పుడు నేను చూసేది ఒక్కటే: ఈ కథలోని ప్రాణిని పిల్లలు ఈ నెలలో చూడగలరా? మా క్లాసులో ఒకసారి అడిగాను. ధ్రువపు ఎలుగుబంటి అందరికీ తెలుసు, పెంగ్విన్ తెలుసు. గుడ్డికొంగ ఒక్కరికీ తెలియదు. స్కూలు వెనక మురుగు కాలువ గట్టున రోజూ నిలబడేది అదే. మట్టి రంగులో ఒదిగి కూర్చుంటుంది, దగ్గరికి వెళ్ళేదాకా కదలదు. అందుకే మనం గుడ్డిది అన్నాం, తమిళులూ కురుట్టు కొక్కు, అంటే గుడ్డికొంగ అనే అంటారు. లేచి ఎగిరిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. మొదటిసారి చూపించినప్పుడు ఆ మట్టి ముద్ద తెల్లకొంగయి ఎగిరిపోతే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎలుగుబంటికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పాపం.

పేర్ల గురించి పట్టు పట్టకండి. మన పిల్లలు తమిళంలో ఉడుతను అణిల్ అంటారు, తాబేలును ఆమై అంటారు. నేను గోడ మీద చార్టులో రెండు పేర్లూ రాయిస్తాను. వాళ్ళకు ఇంకో పేరు అదనంగా వస్తుందే తప్ప పోయేదేమీ లేదు.

పాత కథల్లో ఒక చిక్కుంది. నక్క ఎప్పుడూ జిత్తులమారి, పాము ఎప్పుడూ దుర్మార్గం. పంచతంత్రంలో కాకి నగ తెచ్చి పుట్టలో పడేస్తుంది, జనం వచ్చి పామును చంపుతారు, పిల్లలు హాయిగా నవ్వుతారు. ఈ కథలు మానేయమని నేననను. చెప్పి, మర్నాడు అదే కథను పాము వైపు నుంచి చెప్పమంటాను. మీరుండేది చిత్తడి నేలకు ఆనుకుని. వానాకాలంలో సెల్లార్‌లోకి జెర్రిపోతు రావడం మీ పిల్లలు చూసే ఉంటారు. విషం లేని పాము, ఎలుకలు తిని బతుకుతుంది. ఏదో ఒక శనివారం వాళ్ళలో ఒకరు "నా చెరువులో నువ్వు అపార్ట్‌మెంట్ కడితే రానా?" అని తీరతారు. సిద్ధంగా ఉండండి. అప్పుడు పక్కన కూర్చున్న తల్లిదండ్రులు మీకేసి చూస్తారు. నవ్వి ఊరుకోండి. ఇల్లు కొన్నందుకు పిల్లలు సిగ్గుపడేలా మాత్రం చేయకండి, అది వాళ్ళ తప్పు కాదు.

నేను చేసిన పొరపాట్లు

ఇవి చెప్పకపోతే అన్నీ తెలిసినదానిలా కనిపిస్తాను.

మొదటిది తాబేలు తల్లి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట మన బీచ్‌లకు వచ్చి గుడ్లు పెడతాయి. నేనొక కథ అల్లాను. తల్లి నీళ్ళలోంచి తల ఎత్తి ఒడ్డుకేసి చూస్తూ యాభై రోజులు పిల్లల కోసం ఎదురుచూస్తుందని. ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారు, నాకు గర్వంగా అనిపించింది. ఆ వారమే ఒకమ్మాయి వాళ్ళ నాన్నతో బీసెంట్ నగర్‌లో తాబేలు పిల్లలను సముద్రంలోకి వదులుతుంటే చూసొచ్చింది. సోమవారం పొద్దున్నే నా టేబుల్ దగ్గర నిలబడి, "మిస్, మీరు అబద్ధం చెప్పారు. వాళ్ళమ్మ గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందంట. మళ్ళీ రాదంట" అంది.

అది చెప్పిందే నిజం. తల్లి నూరుకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, సముద్రంలోకి వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వాటంతట అవే బయటికి వస్తాయి. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కథలో జంతువు మాట్లాడొచ్చు, కానీ దాని బతుకు మారకూడదు. చీమ మాట్లాడుతుంది సరే, కుట్టడం మాత్రం నిజం చీమే కుడుతుంది.

కథ మార్చి చెప్పాక ఇంకా బాగా కుదిరింది. అమ్మ లేదు, దారి చెప్పేవాళ్ళు లేరు. రాత్రి సముద్రం మీద ఆకాశం కాస్త తెల్లగా ఉంటుంది, ఆ వెలుగు వైపు నడుస్తాయి. కానీ వెనక వీధిదీపాలు ఇంకా వెలుగుగా ఉన్నాయి. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ఇసుక వేడిని బట్టి లోపల ఆడదో మగదో తేలుతుందని, వేడెక్కువైతే ఆడపిల్లలని చెబితే నమ్మలేదు. మీరూ చెప్పి చూడండి.

రెండోది భయం. కొత్తలో నేనే రాసి ఒక కథ చెప్పాను, లోకంలో మిగిలిన ఆఖరి చెట్టు అని. ఒకటో తరగతి. రాత్రి పదకొండింటికి ఒక తల్లి ఫోన్ చేసింది. "మేడమ్, గాలి అయిపోతుందని ఏడుస్తున్నాడు. ఏం చెప్పారు?" అని. టెన్షన్‌తో నాకూ నిద్ర పట్టలేదు. ఆ వయసు పిల్లవాడి చేతిలో లేని ప్రమాదాన్ని వాడికి చెప్పి ఏం లాభం? భయపడ్డ పిల్లవాడు చెట్టు దగ్గరికి వెళ్ళడు, దుప్పటి కప్పుకుంటాడు.

అయితే పిల్లలే తెచ్చిన విషాదాన్ని దాటవేయకండి. అది వేరు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ చనిపోయిన తాబేళ్ళు కొట్టుకొచ్చాయి. మా రెండో తరగతి పిల్లాడొకడు ఆదివారం బీచ్‌లో ఒకదాన్ని చూశాడు. మర్నాడు వచ్చి అడిగాడు: "మిస్, తాబేలుకు ఈత వచ్చు కదా, మరి మునిగి ఎలా చచ్చిపోతుంది?" ఇంత మంచి ప్రశ్నను "నువ్వింకా చిన్నవాడివి" అని మూసేయకూడదు. తాబేలుకూ మనలాగే ఊపిరితిత్తులుంటాయనీ, మధ్యమధ్యలో పైకొచ్చి గాలి పీల్చుకోవాలనీ, ట్రాలర్ అనే పెద్ద మరపడవ లాగే వలలో చిక్కితే పైకి రాలేదనీ చెప్పాను. వలలోంచి తాబేలు బయటికి పోయేలా ఒక కిటికీ లాంటిది పెట్టొచ్చనీ, తీరానికి దగ్గరగా ట్రాలర్లు వేటాడకూడదని నిబంధన ఉందనీ కూడా చెప్పాను. అదే క్లాసులో చేపలు పట్టేవాళ్ళ అబ్బాయి ఉన్నాడు. తలదించుకుని కూర్చున్నాడు. "మీ నాన్న పడవ చిన్నదా పెద్దదా?" అంటే చిన్నదే అన్నాడు, రెండుసార్లు తాబేలును వలలోంచి వదిలేశారట. అది వాడి చేతే అందరికీ చెప్పించాను. కథలో ఒక మనిషిని విలన్ చేసేముందు, ఆ మనిషి కొడుకు మీ ఎదురుగా కూర్చున్నాడేమో చూసుకోండి.

మూడోది చిలక. రామచిలకను పంజరంలో పెట్టడం నేరమని, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉందని చెప్పాను. ఒకమ్మాయి సెలవుల్లో కావలి వెళ్ళి, అమ్మమ్మ ఇరవై ఏళ్ళుగా పెంచుకుంటున్న చిలక పంజరం దగ్గర నిలబడి "పోలీసులకు చెబుతా" అందట. అమ్మమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదని వాళ్ళమ్మ చెబితే నాకు తల కొట్టేసినట్లయింది. చట్టం నిజమే. కానీ ఏడేళ్ళ పిల్లను ఇంటి మీద పోలీసుగా పంపడం నా పని కాదు. ఇప్పుడు చట్టం మాట పెద్దవాళ్ళకు చెబుతాను, పిల్లలకు చిలక గూడు ఎక్కడుంటుందో చూపిస్తాను.

మీకు దగ్గరలో చూడదగ్గవి

మీకు అదృష్టం ఇంటి పక్కనే ఉంది. పళ్ళికరణై చిత్తడి నేల 2022లో రామ్‌సర్ జాబితాకు, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది, సుమారు 1,250 హెక్టార్లు. ఒకప్పుడు దీనికి ఎన్నో రెట్లుండేది. ఒక పక్క చెత్త దిబ్బ, ఒక పక్క ఐటీ కంపెనీలు, మధ్యలో గూడబాతులు. చలికాలంలో రాజహంసలు (ఫ్లెమింగోలు) కూడా దిగుతాయి. పన్నెండు మందితో రేడియల్ రోడ్డు అంచుకు వెళ్ళేటట్లయితే ఇద్దరు పెద్దవాళ్ళు తోడుండాలి, అక్కడ బస్సులు ఎవరి మాటా వినవు. పొద్దున ఏడు లోపల వెళ్ళండి.

తాబేళ్ళ రాత్రి నడకలు 1988 నుంచి స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ వాళ్ళు నడుపుతున్నారు. మీ పిల్లలకు ఆ నడక ఎక్కువవుతుంది. పిల్ల తాబేళ్ళను వదిలే సాయంత్రాలు చాలు.

ఒక్క రోజు ట్రిప్‌కు తల్లిదండ్రులు ఒప్పుకుంటే వేడంతాంగల్ పక్షుల అభయారణ్యం. 75, 80 కిలోమీటర్లు. ముప్ఫై హెక్టార్ల చెరువు, అంతే. అక్కడ పిల్లలకు చెప్పాల్సిన కథ ఊరివాళ్ళది. సిపాయిలు పక్షులను కాలుస్తున్నారని ఊరివాళ్ళు ఫిర్యాదు చేస్తే, 1798లో కలెక్టర్ వాళ్ళ హక్కును గుర్తిస్తూ కాగితం ఇచ్చాడు. వాళ్ళది ఒట్టి జాలి కాదు. పక్షుల రెట్ట పడ్డ చెరువు నీళ్ళు పొలాలకు పారితే పంట బాగా పండుతుంది. ఇది చెబితే పిల్లలు "ఛీ, పెంట!" అని నవ్వుతారు, ఆ నవ్వుతోనే మర్చిపోకుండా ఉంటారు. సెలవులకు మన వైపు వెళ్ళేవాళ్ళుంటే సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు ఎటూ దారిలోనే. అక్కడ గూడబాతులు గూళ్ళు పెడతాయి.

ఒక ఓటమి కూడా చెప్తాను

మా అపార్ట్‌మెంట్‌లో వేప కింద చీమల పుట్ట ఉంది. ఏడు చేపల కథ విన్నాక పిల్లలు దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, అట్టముక్క మీద "బంగారు పుట్ట, వేలు పెట్టరాదు" అని తెలుగులోనూ తమిళంలోనూ రాసి గుచ్చారు. తోటమాలి ఆ అట్టను తడవకుండా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టాడు, అందులోని తమాషా నాకు తప్ప ఎవరికీ తట్టలేదు. మూడు వారాలు నడిచింది. నాలుగో వారం ఎవరింట్లోనో పసిబిడ్డను చీమ కుట్టిందని అసోసియేషన్ వాళ్ళు పొడి చల్లించేశారు.

పిల్లలు నా మీద విరుచుకుపడ్డారు. నేను ఓదార్చలేదు. "అసోసియేషన్ అంకుల్‌ను అడుగుదామా?" అన్నాను. వెళ్ళారు. ఆయన మంచివాడే, నిలబడి జవాబు చెప్పాడు. అంకుల్ అంకుల్ ఎందుకు చల్లావు? పాప ఏడ్చింది. పాపా పాపా ఎందుకు ఏడ్చావు? చీమ కుట్టింది. అక్కడిదాకా వచ్చి అందరూ ఒక్కసారి ఆగి మొహాలు చూసుకున్నారు. కథలో వాళ్ళే నిలబడి ఉన్నారు. ఈసారి జవాబు చెప్పడానికి చీమ లేదు.

రెండు నెలలకు అదే వేప కింద, కాస్త అవతలగా, మళ్ళీ పొడి మట్టి లేచింది. మొదట చూసింది పిల్లలే. ఈసారి అట్ట పెట్టలేదు. ఎవరికీ చెప్పకూడదని వాళ్ళలో వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు, నాకు మాత్రం చెవిలో చెప్పారు. ఇప్పుడు మీకు చెప్పేశాను.

వచ్చే శనివారానికి మీరు సిద్ధం చేసుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. కథ చెప్పండి, పదిహేను నిమిషాలు. కిందికి దించండి. ఒక చెంచా పంచదార తీసుకెళ్ళి పుట్టకు జానెడు దూరంలో పెట్టండి, ఎవరూ మాట్లాడకుండా పది నిమిషాలు చూడమనండి. ఎర్ర చీమలుంటే చెప్పులు తప్పనిసరి. మొదటి ప్రశ్న ఎవరు అడిగారో, ఏమని అడిగారో వీలైతే ఇక్కడ రాయండి.